గోడల్లో కరెంటూ పిచ్చుక గిటారూ

ఆ రోజుకి పిచ్చుక వేసుకున్న పథకం చాలా చిన్నది. అన్నయ్య పొద్దున్నే బస్సు డిపోకి వెళ్ళిపోతాడు. వదిన కర్టెన్ల గుడ్డ తేవడానికి బజారుకి వెళ్తుంది. ఇల్లు ఖాళీ కాగానే తలుపు గడియ పెట్టుకుని, గిటారు మెడలో వేసుకుని, చిన్న ముక్క వాయించి, రికార్డు చేసి, భోజనాల వేళలోపు డ్రమ్ముల అన్నకి పంపించాలి. అంతే. ఇందులో చెడిపోవడానికి ఏముంది?

ఆమెను అందరూ పిచ్చుక అనే పిలుస్తారు. మనిషి చిన్నది, గొంతు అంతకంటే చిన్నది. కళ్ళజోళ్ళ దుకాణంలో పని. వచ్చినవాళ్ళ కళ్ళ ముందు అద్దాలు మార్చి మార్చి పెట్టి, "ఇది బాగా కనిపిస్తోందా, ఇంతకుముందుదా?" అని అడగడం ఆమె ఉద్యోగం. రోజంతా ఆమె నోట్లోంచి వచ్చే మాటల్లో సగం ఆ ఒక్క ప్రశ్నే. మిగతా సగం ఆమె మొదలుపెడుతుంది, ఎదుటివాళ్ళు పూర్తి చేస్తారు.

అలాంటి పిల్ల ఒక బ్యాండులో చేరాలనుకోవడమే ఒక వింత. ఆ బ్యాండులో గిటారు వాయించే మనిషి వేరే ఊరు వెళ్ళిపోయాడు. బ్యాండు పెద్ద డ్రమ్ముల అన్న పిచ్చుక పంపిన పాట విని ఫోన్ చేశాడు. "వేళ్ళు బాగున్నాయమ్మా. సౌండే బాలేదు. రేకుడబ్బాలో కందిరీగల్ని పెట్టి ఊపినట్టుంది. మంచి సౌండుతో ఇంకోసారి పంపు, వింటాను. ఆదివారం మధ్యాహ్నం దాకా చూస్తా. ఆ తర్వాత ఇంకో అబ్బాయిని తీసేసుకుంటా." ఈ రోజే ఆదివారం. జీవితంలో ఎవరినీ ఏదీ గట్టిగా అడగని పిచ్చుక ఈ ఒక్కటి మాత్రం కావాలని మనసులో గొంతు చించుకుని అడుగుతోంది.

సౌండు వచ్చేది గిటారులోంచి కాదు, పెట్టెలోంచి. ఆ పెట్టె చూడ్డానికి చెప్పుల డబ్బా అంత ఉంటుంది. కానీ దాని లోపల బీరువాలంత యాంప్లిఫయర్లు వరసగా నిద్రపోతున్నాయి. అవి నిజంగా ఉన్నవి కావు, వాటి గొంతుల్ని మాత్రం లెక్కలుగా మార్చి ఎవరో అందులో పోశారు. ఒక మీట నొక్కితే ఒక గొంతు లేస్తుంది. ఇంకో మీట నొక్కితే దాని ముందు మైకు పెట్టినట్టు, ఆ మైకుని జానెడు వెనక్కి జరిపినట్టు, ఆ గది గోడలు దూరం జరిగినట్టు వినిపిస్తుంది. లేని గదిలో, లేని మైకు ముందు, లేని యాంప్లిఫయరు! పిచ్చుక ఆ పెట్టెను ఎప్పుడు తెరిచినా ముందు రెండు చేతులూ తుడుచుకునేది. డ్రమ్ముల అన్న మాట విన్న దగ్గర్నుంచీ హెడ్‌ఫోన్లు పెట్టుకుని, గిన్నెలో పాలు పొంగకుండా చూసుకునే మనిషిలా ఒక్కో మీటా మెల్లగా తిప్పి ఒక సౌండు కూర్చుకుంది. దాన్ని పెట్టెలో మొదటి నంబరులో భద్రంగా దాచుకుంది.

ఆ ఉదయం బ్యాటరీ స్పీకరు పక్కన పెట్టి, పెట్టెను పవర్‌బ్యాంకుకి తగిలించి, గిటారు మెడలో వేసుకుని స్విచ్చి వేసింది. ఇంకా తీగ ముట్టుకోలేదు.

గుంయ్‌య్‌య్‌య్.

గది గదంతా మూలిగింది. పిచ్చుక ఉలిక్కిపడి ఇటు తిరిగింది. మోత పెరిగింది. కిటికీ వైపు తిరిగింది. మోత మాయమైంది. మళ్ళీ గోడ వైపు తిరిగింది. గుంయ్‌య్. ఆమె నోరు తెరుచుకుని అలాగే నిలబడిపోయింది.

వదిన ఇంకా బజారుకి వెళ్ళలేదు. కొలతల టేపు కనిపించక ఇల్లంతా వెతుకుతోంది.

"ఏంటే పిచ్చుకా ఆ మోత? ఫ్రిజ్జా?"

"కాదు వదినా, అది నా..."

"నీ గదిలో ఫ్యానా? నేను ఎప్పుడో అన్నా! మీ అన్నయ్య వింటేగా. 'తిరుగుతోందిగా' అంటాడు. తిరుగుతుంది, తిరుగుతుంది, ఒక రోజు మన నెత్తిన పడి తిరుగుతుంది."

పిచ్చుక కంగారుగా సౌండు తగ్గించేసింది. మోత ఆగింది. అదే ఆమె చేసిన పెద్ద పొరపాటు.

"ఆగిపోయింది!" వదిన గుండెల మీద చెయ్యి వేసుకుంది. "అమ్మో, ఆగి ఆగి వస్తోందంటే ఇంకా ప్రమాదం!" అని బాల్కనీలోకి పరిగెత్తి, కింద దుకాణంలో కూర్చున్న కరెంటాయన్ని కేకేసింది.

కరెంటాయన వచ్చాడు. చొక్కా జేబులో టెస్టరు, నడకలో ధీమా. ఫ్యాను ముట్టుకుని చూశాడు, ఫ్రిజ్జుకి చెవి ఆనించాడు, మిక్సీని తిరగేశాడు. ఎక్కడా ఏమీ లేదు.

"నేనొస్తే ఏ మిషనూ మోత చెయ్యదమ్మా. నన్ను చూస్తే వాటికి భయం."

పిచ్చుక చేతులు నలుపుకుంటూ ముందుకొచ్చింది. "అంకుల్, అది ఏ మిషనూ కాదు. నా గిటారు. తీగల కింద అయస్కాంతాలు, వాటి చుట్టూ సన్నని రాగి తీగ ఉంటాయి. అవి... దగ్గర్లో కరెంటు పారుతుంటే వింటాయి."

"గిటారు కరెంటుని వింటుందా?" కరెంటాయన నవ్వాడు. "ఇన్నేళ్ళుగా కరెంటుతో కాపురం చేస్తున్నా. నాతో ఒక్క మాట చెప్పలేదది. నీ గిటారుకి చెబుతుందా?"

వాదించడం పిచ్చుకకి రాదు. సౌండు పెంచి కిటికీ వైపు నిలబడింది. నిశ్శబ్దం. మెల్లగా వంటింటి గోడ వైపు తిరిగింది. ఎక్కడో దూరంగా మొదలై, దగ్గరయ్యే కొద్దీ లోతుగా, గోడే గొంతు సవరించుకుంటున్నట్టు ఆ మోత లేచింది. కరెంటాయన చేతిలో టెస్టరు జారి కింద పడింది. దాన్ని తియ్యలేదు. గిటారు అడిగి మెడలో వేసుకున్నాడు. దాన్ని గోడకి అడ్డంగా పట్టుకుని ఒక్కో అడుగూ వేస్తుంటే, కనిపించని వైరు ఎటు పోతోందో అటే మోత నడిచింది.

"గోడ మాట్లాడుతోందమ్మా!" అన్నాడు గుసగుసగా. ఇన్నేళ్ళ కాపురంలో మొదటిసారి భార్య గొంతు విన్నవాడిలా ఉంది అతని మొహం. వదిన కుట్టుమిషను మీదున్న చాక్‌పీసు తీసుకుని వైరు పోయిన దారి పొడుగునా గోడ మీద గీత గీశాడు.

"అయ్యో, నా గోడ! నా చాక్‌పీసు!" అని వదిన మొత్తుకుంది.

ఫ్రిజ్జు వెనక్కి వచ్చేసరికి మోత మారింది. మూలుగులో చిటచిటమని చిన్న చప్పుడు కలిసింది. ముగ్గురూ కలిసి ఫ్రిజ్జుని జరిపారు. కరెంటాయన అక్కడున్న స్విచ్చిబోర్డు విప్పాడు. లోపల వైరు జాయింటు మసిబారి, దాని చుట్టూ ప్లాస్టిక్కు కరిగి ఉంది. వదిన పిచ్చుక చెయ్యి పట్టుకుంది.

"ఇల్లు అంటుకునేదే," అంది వదిన.

"అంటుకునేదేనమ్మా," అన్నాడు కరెంటాయన, అది తన ఘనతే అన్నంత గంభీరంగా.

అక్కడితో ఆగి ఉంటే పిచ్చుక పథకం గట్టెక్కేదే. భోజనాలకి ఇంకా చాలా టైముంది. కానీ వదిన మెట్ల మీదికి వెళ్ళి రెండు మాటలు చెప్పింది. వదిన మెట్ల మీద రెండు మాటలు చెబితే అది అన్ని అంతస్తులకీ ఒకేసారి చేరుతుంది. అసోసియేషన్ ప్రెసిడెంటు గారు, సెలవు రోజు కూడా ఇస్త్రీ చొక్కా గుండీలన్నీ పెట్టుకుని తిరిగే మనిషి, అందరికంటే ముందు వచ్చారు. ఆయన వెనకే పైఅంతస్తు పిన్నిగారు. ఆవిడ వెనక మిగతా బిల్డింగు.

"అమ్మాయ్, మా ఇంట్లో కూడా ఒకసారి మిషను పెట్టించు తల్లీ," అంది పిన్నిగారు.

"పిన్నిగారూ, ఇది మిషను కాదండీ. నేను పాట..."

"పాట తర్వాత పాడుకుందువులే. ముందు మా హాలు చూడు."

ఊరేగింపు బయలుదేరింది. ముందు గిటారుతో కరెంటాయన. వెనక పిచ్చుక, చంకలో గుడ్డసంచి, సంచిలో పెట్టె, పెట్టెకి అంటుకుని పవర్‌బ్యాంకు. స్పీకరు మొయ్యడానికి ప్రెసిడెంటు గారే ముందుకొచ్చారు. ఆ గౌరవం ఇంకొకరికి ఇవ్వడం ఆయనకి ఇష్టం లేకపోయింది. ఏ ఇంట్లో అడుగు పెట్టినా అందరూ మాటలు ఆపేసేవారు. పిల్లల నోళ్ళ మీద తల్లుల చేతులు పడేవి. గుంయ్ అనగానే "అదిగో" అని ఒకరి చెయ్యి ఒకరు గట్టిగా పట్టుకునేవారు. ఇన్నాళ్ళూ తాము ఆనుకుని కూర్చున్న గోడల్లో, తల కింద, వీపు వెనక ఇంత పారుతోందా అని వాళ్ళ కళ్ళు పెద్దవయ్యేవి. నిజం చెప్పాలంటే పిచ్చుకకి కూడా ఒళ్ళు గగుర్పొడిచింది.

పిన్నిగారి పడకగదిలో మంచం తల వైపు మోత జోరుగా వచ్చింది.

"అందుకేనన్నమాట! మీ బాబాయిగారికి నిద్రే పట్టదు," అంది పిన్నిగారు.

"నాకు నిద్ర పట్టనిది కరెంటు మోతకి కాదు, నీ గురకకి," అన్నారు మంచం మీది బాబాయిగారు.

"మీరు ఊరుకోండి. అమ్మాయ్, పనిలో పనిగా ఈయన మోకాలి దగ్గర కూడా ఒకసారి పెట్టించవూ."

పెట్టారు. పక్కనే టీవీ ఉంది కనక గిటారు బ్రహ్మాండంగా మూలిగింది. "నేను చెబితే నమ్మావా? ఎంత నొప్పో ఇప్పుడు విన్నావుగా!" అని బాబాయిగారు ఇల్లాలి వైపు విజయగర్వంతో చూశారు.

ఇంటింటికీ తిరిగే కొద్దీ కరెంటాయనకి ధైర్యం పెరిగింది. సంచిలోంచి పెట్టెను పైకి తీయించాడు. "ఈ మీట ఏంటమ్మా?"

"అది గెయిను అంకుల్. సౌండు ఎంత గరగరలాడాలో అది చెబుతుంది. కొంచెమే ఉండాలి, ముట్టుకో..."

చివరిదాకా తిప్పేశాడు. గోడ గర్జించింది. "ఆహా! ఇప్పుడు ఇంకా లోపలికి వెళ్తోంది. ఇదేంటి, బేసా? ఇదీ పూర్తిగా ఉండాలి. పైపుల వెనకున్న వైరు దీంట్లోనే వినిపిస్తోంది." చెవి పక్కకి పెట్టి, కళ్ళు మూసుకుని, వెంట్రుక వాసి ఇటు, వెంట్రుక వాసి అటు తిప్పుతూ పోయాడు. లోకంలోకెల్లా చెడ్డ సౌండుని ఒక మనిషి అంత శ్రద్ధగా, అంత ప్రేమగా తయారు చెయ్యడం పిచ్చుక ఎన్నడూ చూడలేదు. కోపం రావాల్సింది పోయి, ఆశ్చర్యంతో చూస్తూ ఉండిపోయింది. ఆ చూడ్డంలో అతని వేలు ఎక్కడికి పోతోందో గమనించలేదు.

"మళ్ళీ మళ్ళీ తిప్పుకోవడం ఎందుకని దాచేశానమ్మా. మొదటి నంబరులో."

పిచ్చుక పెట్టె మీదికి వంగి చూసింది. మొదటి నంబరు! మీట మీద మీట, చెవులు నొప్పెట్టేదాకా విని కూర్చుకున్న సౌండు. దాని స్థానంలో ఇప్పుడు కరెంటాయన గర్జన కూర్చుంది. అదే సమయానికి ఫోన్ మోగింది.

"ఏమ్మా, ఏమైంది?" డ్రమ్ముల అన్న గొంతు. "ఆ అబ్బాయి గిటారు పట్టుకుని వచ్చి ఇక్కడే కూర్చున్నాడు. పంపుతున్నావా, లేదా?"

"పం... పంపుతున్నా అన్నా."

"త్వరగా పంపు మరి."

ఫోన్ పెట్టేసి పిచ్చుక చుట్టూ చూసింది. మెట్ల నిండా జనం. వంతు కోసం గోడకి ఆనుకుని నిలబడ్డారు. ఆమె ఊపిరి పీల్చుకుని, తనకి తెలిసినంత గట్టిగా అరిచింది. "నేను పాట పంపించాలి!"

"పంపుదువుగానీ తల్లీ," అన్నారు ప్రెసిడెంటు గారు ఓదార్పుగా, "ముందు మా అంతస్తు అయిపోనీ."

ఇంతలో గిటారూ పెట్టే స్పీకరూ పట్టుకుని కింద మెయిన్ బోర్డు దగ్గరికి పోయిన కరెంటాయన కేక వేశాడు. ఇంతవరకూ విన్నదంతా పిల్లమూలుగు, అసలు తల్లి ఇక్కడుంది అన్నాడు. జాయింట్లన్నీ విప్పి బిగించాలట. గిటారు తెచ్చి పిచ్చుక మెడలో వేసి, పెట్టె, స్పీకరు పక్కన పెట్టి, వెళ్ళి మెయిన్ ఆపేశాడు.

బిల్డింగు మొత్తం ఒక్కసారి ఊపిరి విడిచినట్టయింది. ఫ్యాన్లు మెల్లగా ఆగాయి. ఫ్రిజ్జులు వణికి ఊరుకున్నాయి. టీవీలు, మోటారు, ఎవరింట్లోనో మిక్సీ, అన్నీ ఒకదాని వెనక ఒకటి నోరు మూసుకున్నాయి. రోజూ ఇంత చప్పుడు మధ్య బతుకుతున్నామా అని అది పోయాకే తెలిసింది. పిచ్చుకకి ఇంకొకటి కూడా తెలిసింది. మెడలో గిటారు ఉంది, గెయిను చివరిదాకా ఉంది, స్పీకరు వెలుగుతూనే ఉంది. అయినా మోత లేదు. సముద్రం ఎక్కడో చాలా దూరంలో ఉన్నట్టు, శ్‌శ్ అని ఒక్క సన్నని ఊపిరి మాత్రం ఉంది.

ఆమె మెట్టు మీద కూలబడింది. పెట్టెను ఒళ్ళో పెట్టుకుని ఖాళీగా ఉన్న ఇంకో నంబరు తెరిచింది. హెడ్‌ఫోన్లు లేవు, ముందు కూర్చుకున్నది లేదు, టైము లేదు. ఒక తీగ మీటి, ఒక మీట తిప్పి, మళ్ళీ మీటి, పక్కనున్న వదినని చూసింది. నోటికి అలవాటైన ప్రశ్న దానంతట అదే వచ్చేసింది.

"ఇది బాగుందా వదినా, ఇంతకుముందుదా?"

వదినకి సంగీతం గురించి ఒక్క ముక్క తెలియదు. కానీ ఆమె దర్జీ. తెలిసిన భాషలో చెప్పింది. "ఇది మరీ వదులుగా ఉందే. కింద గుడ్డ ఎక్కువై నేల మీద జీరాడుతోంది."

పిచ్చుక బేసు తగ్గించింది. "ఇప్పుడు?"

"కింద సరిపోయింది. పైన ఏదో గుచ్చుకుంటోంది. లోపల సూది వదిలేసి కుట్టినట్టు."

పై శబ్దాల్ని కొంచెం కత్తిరించింది. లేని మైకుని కొంచెం వెనక్కి జరిపింది. "ఇదా, అదా?"

"ఇదే. కానీ ఆ జరీ ఎందుకే అంత? మనిషి కనిపించట్లేదు, జరీయే కనిపిస్తోంది."

గెయిను. తగ్గించింది, ఇంకా తగ్గించింది. హెడ్‌ఫోన్లలో వీరంగం వేసిన ఆ గరగర, ఇంత పెద్ద గాలిలో అక్కర్లేదని ఆమెకి అప్పుడు అర్థమైంది. గది పెద్దదిగా వినిపించే మీట దగ్గర ఆగి, తలెత్తి చూసింది. మెట్లు చుట్టలు చుట్టుకుంటూ పైకప్పు దాకా పోతున్నాయి. ఇంత గది ఎదురుగా ఉంటే పెట్టెలో గది ఎందుకు? ఆ మీట పూర్తిగా ఆపేసింది. ఫోన్‌ని పైమెట్టు మీద పెట్టి రికార్డింగు నొక్కి, కళ్ళు మూసుకుని వాయించింది.

మొదటి స్వరం స్పీకరులోంచి వచ్చి మెట్లెక్కింది. ఎవరో పిలిచినట్టు వెళ్ళింది. ఒక్కో అంతస్తునీ తాకి, అక్కడున్న వాళ్ళ మొహాలు చూసి, పైకప్పు దాకా పోయి, మెల్లగా దిగి వచ్చేసరికి రెండోది ఎదురెళ్ళింది. అది తీగ చప్పుడులా లేదు. మాటలు రాకముందు మనిషికి ఉన్న గొంతులా ఉంది. పిచ్చుక గట్టిగా మీటితే అది గట్టిగా అడిగింది, వేలు మెత్తగా ఆనిస్తే అది తలొంచుకుంది. ఆమె నోట ఇన్నేళ్ళుగా సగంలో ఆగిపోయిన వాక్యాలన్నీ ఆ గొంతు ఒక్కొక్కటిగా పూర్తి చేస్తోంది, మధ్యలో ఎవరూ అడ్డం రావట్లేదు. ప్రెసిడెంటు గారు కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నారు. పిన్నిగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బాబాయిగారు ఎవరి సాయం లేకుండా గుమ్మం దాకా నడిచి వచ్చి నిలబడ్డారు, ఆ సంగతి ఆయనకే తెలియలేదు.

చివరి స్వరం పైకప్పు దగ్గర కరిగిపోయాక కూడా ఎవరూ కదల్లేదు. చప్పట్లు కూడా లేవు.

పిచ్చుక రికార్డింగు పంపేసింది. అది వెళ్ళిందని ఫోన్ చెప్పిన మరుక్షణం పవర్‌బ్యాంకు అయిపోయింది. పెట్టె మీది దీపాలన్నీ ఆరిపోయాయి. ఆ సౌండుని దాచలేదని ఆమెకి అప్పుడు గుర్తొచ్చింది.

ఫోన్ మోగింది. డ్రమ్ముల అన్న మెల్లగా అడిగాడు. "ఎక్కడ రికార్డు చేశావమ్మా? ఏ స్టూడియో?"

"మెట్ల మీద అన్నా."

"మెట్ల మీదా?" అన్నాడు. "ఈ అబ్బాయి కూడా విన్నాడు. విని, తన గిటారు సంచిలో పెట్టేసుకుంటున్నాడు. రేపు సాయంత్రం రిహార్సలుకి రా. ఆ సౌండు తీసుకునే రా."

పిచ్చుక చీకటైన పెట్టె వైపు చూసింది. ఏడుపు రాలేదు. నవ్వొచ్చింది. పెట్టె మరిచిపోతే ఏం, చెవులు మరిచిపోలేదు. రేపు వదినని వెంట తీసుకెళ్తే మళ్ళీ కుట్టుకోవచ్చు. "వస్తా అన్నా," అంది, పూర్తి వాక్యం, ఒక్క గుక్కలో.

అప్పుడు మెయిన్ బోర్డు దగ్గర్నుంచి కరెంటాయన చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. మొహంలో ఏదో బాధ ఉంది.

"అమ్మా, నువ్వేమీ అనుకోకు. పాట బాగుంది, నాకే కళ్ళు చెమర్చాయి. కానీ పాట మొత్తంలో ఒక్కసారి కూడా మోత రాలేదు. గమనించావా? నువ్వు ఇలా వాయించడం వల్ల మిషన్ పాడయ్యిందేమో."

ఆ మాట మెట్లెక్కడానికి క్షణం పట్టలేదు. "అయ్యో, మా వంటిల్లు ఇంకా చూడనే లేదే!" "మా అంతస్తు మొత్తం మిగిలిపోయింది!" "సున్నితమైన మిషన్ని పట్టుకుని పాటలేంటండీ, పిల్లకి తెలియకపోతే పెద్దవాళ్ళైనా చెప్పొద్దా!" ప్రెసిడెంటు గారు కళ్ళజోడు పెట్టేసుకున్నారు. పిచ్చుక చెప్పబోయింది. మామూలుగానే ఎవరూ వినలేదు.

కరెంటాయన పరుగున వెళ్ళి మెయిన్ వేశాడు. లైట్లు వెలిగాయి, ఫ్యాన్లు కదిలాయి. వదిన పెట్టె వైరుని ఫోను ఛార్జరుకి తగిలించి మెట్ల పక్కనున్న ప్లగ్గులో పెట్టింది. బిల్డింగంతా ఊపిరి బిగబట్టి చూస్తుండగా పెట్టె మీద దీపాలు ఒక్కొక్కటే లేచి, మొదటి నంబరు దగ్గరికి వచ్చి ఆగాయి.

గుంయ్‌య్‌య్‌య్‌య్.

పాటకి ఎవరూ కొట్టని చప్పట్లు అప్పుడు కొట్టారు.